ఓడ మేను, నీటి నిరోధము: విలియం ఫ్రూడ్ పరిశోధనల చరిత్ర

నీటిపై తేలు వస్తువును ముందునకు నడుపవలెనన్న మొదట నీటిని ఇరుప్రక్కలకు తొలగింపవలెను. తొలగిన నీరు వెనుకవైపున మరల వచ్చి కలియవలెను. ఈ రెండింటికిని బలము వ్యయమగును. ఆ బలము తెడ్డు వేయువాని భుజములనుండి వచ్చినను, తెఱచాపలో నిండిన గాలినుండి వచ్చినను, ఆవిరియంత్రమునుండి వచ్చినను నీరు తన సుంకమును తాను పుచ్చుకొనక మానదు. ఆ సుంకమును తగ్గించుటకు ఓడకు ఎట్టి ఆకృతి నీయవలెనను ప్రశ్న నౌకానిర్మాణమంత ప్రాచీనమైనది. దానికి నమ్మదగిన సమాధానము లభించి మాత్రము సుమారు నూటయేబది సంవత్సరములే అయినది. అంతకాలము అది లభింపకుండుటకు కారణమేమి, తుదకు లభించిన విధమెట్టిది అను రెండు విషయములు ఈ వ్యాసమున పరిశీలింపబడుచున్నవి.

ఇచ్చట మేను అనగా తెఱచాపలు, స్తంభములు, పైకట్టడములు మినహాయింపగా మిగిలిన ఓడ దేహము. అందును ముఖ్యముగా నీట మునిగియుండు భాగము. దాని ముందుకొనను మన తీరమందలి పడవవారు అణియమనియు, వెనుకకొనను అమరమనియు వ్యవహరింతురు. ఆ మాటలే ఈ వ్యాసమునను వాడబడినవి.

ప్రాచీనులు ఈ విషయమున ఎంతవఱకు ఎఱిగియుండిరో చెప్పుటకు మనకున్న ఆధారములు స్వల్పములు. శాతవాహనుల నాణెములపై రెండు స్తంభముల ఓడ బొమ్మ కలదు. కాని అది ఓడ కలదనుటకు సాక్ష్యమే గాని నీటిలోపలి ఆకృతికి సాక్ష్యము కాజాలదు. భోజునకు ఆరోపింపబడు యుక్తికల్పతరువను సంస్కృతగ్రంథము ఇంతకంటె కొంత యుపకరించును. అందు విశేషనౌకలు రెండు తెగలుగా విభజింపబడినవి. పొడవునకు ప్రాధాన్యముగలది దీర్ఘ. ఎత్తునకు ప్రాధాన్యముగలది ఉన్నత. దీర్ఘలోని భేదములకు గత్వర, గామిని, జంఘాల, వేగిని మున్నగు పేర్లు కలవు. ఇవి యన్నియు గమనమును, వేగమును సూచించు శబ్దములే. పేర్లనుబట్టి సిద్ధాంతమును కల్పించుట తగదు. ఐనను పొడవైన ఓడ వడిగా పోవునను అనుభవము ఆ పేర్ల వెనుక ఉండియుండునని యూహించుట అసంగతము కాదు. ఆ అనుభవమునకు గల హేతువు ఈ వ్యాసమున ముందు తెలియగలదు.

ఐరోపాఖండమున నౌకానిర్మాతలు చిరకాలము చేపను గురువుగా భావించిరి. 1586 ప్రాంతమున మాథ్యూ బేకర్ అను ఆంగ్లేయ నౌకానిర్మాత రచించిన వ్రాతప్రతి నేటికిని కేంబ్రిడ్జిలోని పెపీస్ గ్రంథాలయమున భద్రముగా నున్నది. అందలి యొక పటమున ఓడ మేనిలో ఇముడునట్లు పెద్దచేప యొకటి గీయబడినది. కాడ్ అను చేప తలవలె లావైన అణియమును, మాకరెల్ అను చేప తోకవలె సన్నగిల్లిపోవు అమరమును ఉత్తమలక్షణములని ఆనాటి వారి నమ్మకము. ఈ యుపమానము మనోహరమైనదే గాని అందొక లోపము కలదు. చేప నీట మునిగి యీదును. ఓడ నీటికిని గాలికిని నడుమనున్న ఉపరితలముపై పోవును. అలలు పుట్టునది ఆ యుపరితలముననే. మునిగిన ప్రాణికి లేని వ్యయమొకటి తేలెడి ఓడకు కలదన్న సంగతి చాలకాలము ఎవరి లెక్కలోనికిని సరిగా రాలేదు.

పిమ్మట గణితజ్ఞులు ఈ సమస్యను చేపట్టిరి. న్యూటను 1687లో ప్రకటించిన ప్రిన్సిపియాలో మిక్కిలి తక్కువ నిరోధము పొందు ఘనాకృతిని నిర్ణయించి, అది ఓడల నిర్మాణమున ఉపయోగపడవచ్చునని సూచించెను. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియేర్ బుగేర్, భూమి ఆకృతిని కొలుచుటకై పెరూ దేశపు పర్వతములలో గడపిన కాలముననే నౌకాశాస్త్రమును గుఱించి ఆలోచించి, 1746లో మహాగ్రంథమును వెలువరించెను. 1749లో ఆయిలర్ గ్రంథము వెలువడెను. కాని నీరు విడివిడి కణములుగా వచ్చి ఓడకు తగులునను భావనపై కట్టిన లెక్కలు అనుభవముతో పొసగలేదు. 1752లో దలాంబేర్ ప్రకటించిన ఫలితము మఱింత విచిత్రమైనది. ఘర్షణము లేని ఆదర్శద్రవమున మునిగి సమవేగముతో పోవు వస్తువునకు నిరోధమే యుండరాదని గణితము చెప్పెను. తెడ్డు పట్టిన ప్రతివాడును అది అసత్యమని యెఱుగును. శాస్త్రమునకును రేవునకును నడుమ నింత దూరము ఏర్పడెను.

లెక్కలు విఫలము కాగా ప్రయోగములు ఆరంభమైనవి. 1775లో దలాంబేర్, కొండార్సే, బొస్సూ అను మువ్వురు పండితులు పారిసు నగరమున నమూనాలను నీటిలో లాగి నిరోధమును కొలిచిరి. 1793 మొదలు 1798 వఱకు లండనులోని గ్రీన్‌లాండ్ రేవుగుంటయందు మార్క్ బ్యూఫాయ్ అను నాతడు అనేక ఆకృతులను శ్రద్ధతో పరీక్షించెను. ఓడ ప్రక్కలను ఒరసికొనిపోవు నీటి ఘర్షణము ఉపేక్షింపదగినది కాదని అతడు గ్రహించెను. అతని ఫలితములను కుమారుడు 1834లో ముద్రించెను. ఐనను ఈ ప్రయోగములన్నిటికిని ఒక్కటే కొఱత. చిన్న నమూనాకు కలిగిన నిరోధమునుండి పెద్ద ఓడకు కలుగబోవు నిరోధమును తెలిసికొను మార్గము వారికి తెలియదు. నమూనాలో మేలనిపించిన ఆకృతి ఓడలో చెడ్డదగుటయు, చెడ్డదనిపించినది మేలగుటయు సంభవించుచుండెను. అందుచేత అనుభవశాలురైన నిర్మాతలు నమూనాలను బాలుర ఆటవస్తువులుగా పరిగణించిరి.

అలలకు నిరోధముతో గల సంబంధమును బలముగా ముందునకు తెచ్చినవాడు జాన్ స్కాట్ రస్సెల్. ఇతడు 1834లో ఎడింబరో సమీపమునగల యూనియన్ కాలువలో గుఱ్ఱములు లాగు పడవ హఠాత్తుగా ఆగినప్పుడు దాని ముందునుండి ఏకతరంగమొకటి విడివడి దూరముగా సాగిపోవుట చూచెను. దానినుండి ఓడ మేని రేఖలు తరంగాకృతిని అనుసరింపవలెనను సిద్ధాంతమును నిర్మించెను. ఆతని యాజమాన్యమున నిర్మింపబడి 1858లో జలప్రవేశము చేసిన గ్రేట్ ఈస్టర్న్ అను 692 అడుగుల ఓడ ఈ సిద్ధాంతమునకు లక్ష్యము. అలలకు ప్రాధాన్యము నిచ్చుట రస్సెల్ చేసిన ఉపకారము. కాని అన్ని ఓడలకును, అన్ని వేగములకును ఒకే శ్రేష్ఠాకృతి కలదనుకొనుటలో అతడు పూర్వులనే అనుసరించెను.

ఈ సమయమున రంగమునకు వచ్చినవాడు విలియం ఫ్రూడ్. ఇతడు 1810లో ఇంగ్లండు దేశమున డెవన్ మండలములోని డార్టింగ్టన్ గ్రామమున జన్మించెను. చరిత్రకారుడుగా ప్రసిద్ధిచెందిన జేమ్స్ ఆంథొనీ ఫ్రూడ్ ఇతని తమ్ముడు. ఆక్స్‌ఫర్డులో గణితమభ్యసించి, బ్రూనెల్ అను సుప్రసిద్ధ యంత్రశిల్పి క్రింద రైలుమార్గ నిర్మాణమున పనిచేసెను. గ్రేట్ ఈస్టర్న్ ఓడకు రూపకల్పన చేసిన ఆ బ్రూనెలే, ఓడ అలలపై ప్రక్కలకు ఊగుటను గుఱించి విచారింపుమని ఫ్రూడ్‌ను కోరెను. ఆ విచారణయే ఇతనిని నౌకాశాస్త్రమునకు తెచ్చినది.

1867లో ఫ్రూడ్ రెండు ఆకృతులుగల నమూనాలను చేయించెను. ఒకదానికి హంసయనియు, రెండవదానికి మాలకాకియనియు అర్థమిచ్చు ఆంగ్లనామములు పెట్టెను. ఒక్కొక్క ఆకృతికి 3, 6, 12 అడుగుల పొడవుగల మూడు పరిమాణములు. మాలకాకి కొనలు వాడియైనవి. హంస కొనలు మొద్దువి. డార్ట్ నదీముఖమున నీ నమూనాలను లాగి చూడగా, తక్కువ వేగమున మాలకాకికి నిరోధము తక్కువగాను, వేగము హెచ్చినపుడు హంసకే నిరోధము తక్కువగాను తేలెను. అనగా ఉత్తమాకృతి యేది అను ప్రశ్నకు, ఏ వేగమున అని మాఱుప్రశ్న వేయక సమాధానమే లేదు. రెండువందల సంవత్సరములుగా పండితులు వెదకిన వస్తువు లేని వస్తువు. దోషము వారి సమాధానములలో కంటె వారి ప్రశ్నయందే అధికముగా నుండెను.

ఈ ప్రయోగములందే మఱియొక రహస్యము బయల్పడెను. ఒకే ఆకృతిగల చిన్న, పెద్ద నమూనాలు తమ పొడవుల వర్గమూలములకు అనుపాతముగల వేగములతో పోయినపుడు వాని చుట్టును పుట్టు అలలు ఒకే రూపమున ఉండెను. నాలుగురెట్లు పొడవైన నమూనా రెండురెట్లు వేగముతో పోయిన, అలల చిత్రము పెద్దదగునే గాని మాఱదు. ఇట్టి వేగములను అనురూపవేగములని పిలువవచ్చును. ఫ్రాన్సు దేశమున ఫెర్డినాండ్ రీచ్ అను పండితుడు 1852లోనే ఇట్టి నియమమును ప్రకటించియుండెను. ఐనను దానిని ఓడల విషయమున ప్రయోగపూర్వకముగా స్థాపించి, నిత్యోపయోగమునకు తెచ్చిన ఘనత ఫ్రూడ్‌దే.

అప్పటికి ఆవిరియోడల నిరోధమును విచారించుటకు బ్రిటిష్ శాస్త్రసంఘము ఒక ఉపసంఘమును నియమించియుండెను. అందలి సభ్యులు, నిజమైన ఓడలను లాగి కొలుచుట తప్ప వేఱుమార్గము లేదని నిర్ణయించిరి. సభ్యుడైన ఫ్రూడ్ ఒక్కడు భిన్నాభిప్రాయమును వ్రాసియిచ్చెను. నమూనాలతో చౌకగా, శీఘ్రముగా, అనేకాకృతులను పరీక్షింపవచ్చునని అతని వాదము. నౌకాదళపు ప్రధాననిర్మాత ఎడ్వర్డ్ రీడ్ ఈ వాదమును బలపఱచెను. 1870లో నౌకాదళాధికారులు 2,000 పౌన్లు మంజూరు చేసిరి. ఫ్రూడ్ తన శ్రమకు వేతనము పుచ్చుకొనలేదు. ఆ సంవత్సరముననే నౌకాశిల్పుల సభయందు రస్సెల్ ఈ ప్రయత్నమును నిరసించుచు, చిన్న నమూనాలతో చేయు ప్రయోగములు ప్రయోక్తకు వినోదమును కూర్చునే గాని పెద్ద ఓడలను గుఱించి ఏమియు తెలుపజాలవని వాదించెను. రస్సెల్ అజ్ఞాని కాడు. అతని యాక్షేపము నూఱేండ్ల వైఫల్యముపై ఆధారపడినది. దానికి మాటలతో సమాధానము చెప్పుట సాధ్యము కాదు, కొలతలతోనే చెప్పవలెను.

టార్కీ పట్టణమున తన గృహమునకు చేరువను ఫ్రూడ్ ఒక తొట్టిని నిర్మించెను. దాని పొడవు సుమారు 278 అడుగులు, వెడల్పు 36 అడుగులు, లోతు 10 అడుగులు. పైన పట్టాలమీద నడచు బండి నమూనాను లాగుచుండగా, ఆ బండియందమర్చిన బలమాపకము లాగుటకు పట్టిన బలమును తిరుగుచున్న కాగితముపై తానే గీయుచుండెను. నమూనాలకు పారఫిను మైనమును వాడిరి. అది నీటిని పీల్చదు, సులభముగా చెక్కబడును, పని ముగిసిన పిమ్మట కరగించి మఱియొక నమూనాను పోతపోయవచ్చును. 1872లో నిచ్చట ప్రయోగములు ప్రారంభమైనవి.

ఫ్రూడ్ పద్ధతికి ప్రాణము విభాగము. ఓడకు కలుగు నిరోధమును అతడు రెండు పాళ్లు చేసెను. మొదటిది నీరు మేనిని ఒరయుటవలన కలుగు ఘర్షణము. రెండవది అలలు, సుడులు పుట్టించుటవలన కలుగు శేషనిరోధము. ఈ రెండును వేఱువేఱు నియమములకు లోబడినవి. పూర్వులు రెండింటిని కలిపి ఒకే గుణకముతో పెంచిరి. కావుననే వారి ఫలితములు తప్పినవి. శేషనిరోధము అనురూపవేగములయందు నమూనా, ఓడల బరువుల నిష్పత్తినే అనుసరించును. ఘర్షణమట్లు కాదు. దానిని తెలిసికొనుటకు ఫ్రూడ్ 50 అడుగుల పొడవు వఱకుగల పలుచని పలకలను నిలువుగా ముంచి లాగించెను. వానిలో కొన్నింటికి వార్నీషు, కొన్నింటికి మైనము, కొన్నింటికి నూలుగుడ్డ, కొన్నింటికి ఇసుక పూతగా నుండెను. పలక పొడవు పెరిగిన కొలది చదరపు అడుగునకు కలుగు సగటు ఘర్షణము తగ్గుచుండుట అతడు గమనించెను. పలక ముందుభాగము తన ప్రక్కనున్న నీటిని కొంత వెంటలాగుకొనిపోవును. కావున వెనుకభాగము నిశ్చలజలమున గాక అప్పటికే కదలుచున్న నీటిలో పోవును. 1904లో ప్రాంట్ల్ ప్రతిపాదించిన సీమాస్తర సిద్ధాంతమునకు ఈ పరిశీలన పూర్వరంగమని చెప్పదగును.

ఒక ఉదాహరణముచే పద్ధతి స్పష్టమగును. ఓడ పొడవు 300 అడుగులు, నమూనా పొడవు 12 అడుగులు అనుకొందము. నిష్పత్తి 25, దాని వర్గమూలము 5. ఓడ గంటకు 15 నావికమైళ్లు పోవలసియున్న నమూనాను 3 నావికమైళ్ల వేగముతో లాగవలెను. అప్పుడు కలిగిన మొత్తము నిరోధమునుండి, పలకల ప్రయోగమువలన తెలిసిన ఘర్షణమును తీసివేయవలెను. మిగిలినదానిని 25 ఘనముతో, అనగా 15,625తో గుణింపవలెను. దానికి ఓడ పరిమాణమునకు తగిన ఘర్షణమును వేఱుగా లెక్కించి కూడవలెను. ఇట్లు ఒక అణాపైసల లెక్కవలె సరళమైన క్రమము, గణితజ్ఞుల మహాసమీకరణములకు అందని ఫలమును చేతికిచ్చెను.

ఇంతైనను రస్సెల్ యాక్షేపమునకు కడపటి సమాధానము సముద్రముపైననే రావలసియుండెను. 1871లో గ్రేహౌండ్ అను 172 అడుగుల యుద్ధనౌకను ఆక్టివ్ అను మఱియొక నౌకచే లాగించి నిరోధమును కొలిచిరి. ముందుపోవు ఓడ కలచిన నీటిలో వెనుకటి ఓడ పడకుండుటకై, ప్రక్కకు 45 అడుగులు చాచిన దూలపు కొననుండి లాగుడుత్రాటిని కట్టిరి. ఓడకు కలిగిన నిరోధమును నమూనానుండి లెక్కించిన నిరోధముతో పోల్చగా రెండు రేఖలును చక్కగా అనుగుణముగా నుండెను. 1874లో నీ ఫలితములు ప్రకటింపబడినవి. ఇంకొక సంగతియు అపుడే తేలెను. యంత్రము పుట్టించు శక్తిలో సగముకంటె తక్కువభాగమే ఓడను ముందునకు నడుపుటకు వినియోగమగుచుండెను. మిగిలినది యంత్రమునందును, మఱచక్రమునందును వృథాయగుచుండెను. బొగ్గుతో నడచు నౌకాదళమునకు ఇది కేవలశాస్త్రవిషయము కాదు. కొట్టులో పట్టు బొగ్గు ఎంతదూరము తీసికొనిపోగలదను ప్రశ్నకు సంబంధించిన విషయము.

1877లో ఫ్రూడ్ అలల పరస్పరప్రభావమును వివరించెను. అణియమొక తరంగశ్రేణిని, అమరమొక తరంగశ్రేణిని పుట్టించును. ఒకదాని శిఖరము రెండవదాని శిఖరముతో కలిసిన అల పెద్దదై నిరోధము హెచ్చును. శిఖరము పల్లముతో కలిసిన అల అణగి నిరోధము తగ్గును. అల పొడవు ఓడ వేగమునుబట్టి మాఱును. కావున ఈ కలయికయు వేగమునుబట్టి మాఱును. అడుగులలో కొలిచిన ఓడ పొడవునకు వర్గమూలము కట్టి 1.34తో గుణించిన, ఓడ పుట్టించు అల ఓడయంత పొడవగు వేగము గంటకు ఇన్ని నావికమైళ్లని వచ్చును. 100 అడుగుల ఓడకు అది 13.4, 400 అడుగుల ఓడకు 26.8. ఆ వేగమును సమీపించిన కొలది సాధారణమైన ఓడకు నిరోధము అతితీవ్రముగా పెరుగును. పొడవైన ఓడకు ఈ యవరోధము దూరముగా నుండును. యుక్తికల్పతరువు దీర్ఘ తెగలోని ఓడలకు వేగసూచకములైన పేర్లుండుటకు తగిన భౌతికహేతువు ఇదియే.

ఫ్రూడ్ 1879 మే 4వ తేదీన, ఆరోగ్యార్థమై చేసిన సముద్రయానమున, దక్షిణాఫ్రికాలోని సైమన్స్ టౌనునందు మరణించెను. నౌకాదళము అతనికి సైనికమర్యాదలతో అంత్యక్రియలు జరిపెను. కుమారుడు రాబర్ట్ ఎడ్మండ్ ఫ్రూడ్ తండ్రిపనిని కొనసాగించి, పరీక్షాలయమును హాస్లర్ అను చోటికి తరలించెను. 1883లో స్కాట్లండులోని డంబార్టన్ పట్టణమున డెన్నీ అను నౌకానిర్మాణసంస్థ తన సొంతతొట్టిని కట్టించెను. వర్తకసంస్థ కట్టిన మొదటి తొట్టి ఇదియే. ఆటవస్తువులనబడిన నమూనాలకై వర్తకులు సొమ్ము వ్యయము చేయుట, ఆ వివాదము ముగిసినదనుటకు నిదర్శనము.

అమెరికాలో డేవిడ్ టేలర్ ఇదే పద్ధతితో, నీటిమట్టమునకు దిగువ అణియమునకు గుబ్బవంటి ఉబ్బును చేర్చిన కొన్ని వేగములయందు నిరోధము తగ్గునని కనుగొనెను. 1909లో జలప్రవేశము చేసిన డెలావేర్ యుద్ధనౌకకు అట్టి అణియము కలదు. వాడియైన కొనయే నీటిని చక్కగా చీల్చునను సామాన్యబుద్ధికి ఇది విరుద్ధము. గుబ్బ తానొక అలను పుట్టించును. దాని పల్లము అణియపు అల శిఖరముపై పడి దానిని అణచివేయును. 1960 ప్రాంతమున జపానులో తకావో ఇనుయి ఈ సూత్రమును నిశితముగా అధ్యయనము చేసి, ప్రయాణికుల ఓడపై పరీక్షించి చూపెను. తరువాత పెద్ద వర్తకనౌకలకు గుబ్బ సాధారణలక్షణమైనది. ఐనను అది తనకు నిర్ణయింపబడిన వేగముననే మేలుచేయును. 2008లో సంభవించిన ఆర్థికమాంద్యము తరువాత ఇంధనమును ఆదాచేయుటకై పెక్కు సరుకుల ఓడలను నెమ్మదిగా నడుపసాగిరి. అప్పుడు అధికవేగమునకై చేసిన గుబ్బలు లాభింపవని గ్రహించి, కొన్ని ఓడలకు వానిని కోసివేసి క్రొత్తవానిని అతికిరి. హంస, మాలకాకి నమూనాలు 1867లో చెప్పిన మాటయే ఇచ్చట వేఱొక రూపమున మరల వినవచ్చినది.

నేడు గణనయంత్రములు నీటిగమనమును బిందుబిందువుగా లెక్కింపగలవు. ఐనను నమూనాను లాగి చూచుట మానలేదు. ఆంధ్రతీరమున విశాఖపట్టణమునందు 1969లో స్థాపింపబడిన నౌకాదళ శాస్త్రసాంకేతిక పరిశోధనశాలలో 500 మీటర్ల పొడవైన తొట్టి కలదు. అందు నమూనాను లాగు బండికిని, టార్కీ పట్టణమున మైనపు నమూనాను లాగిన బండికిని యంత్రసామగ్రిలో భేదము మిక్కుటము. తర్కమున భేదము లేదు.

ఈ చరిత్రనుండి తేలు సారాంశమిది. ఓడ మేనికి సర్వోత్తమాకృతి యను నొక వస్తువు లేదు. ఇంత పొడవునకు, ఇంత బరువునకు, ఇంత వేగమునకు తగిన ఆకృతి మాత్రమే కలదు. ఈ సత్యము తెలియుటకు గొప్ప గణితమును చాలలేదు, చిరకాలానుభవమును చాలలేదు. కలిసియున్న రెండు కారణములను వేఱుచేసి, ఒక్కొక్కదానికి దాని నియమమును నిర్ణయించి, చిన్నదానియందు కొలిచినది పెద్దదానియందు నిలుచునో లేదో సముద్రముపై పరీక్షించిన పిమ్మటనే అది స్థిరపడెను. తన పక్షమున ఒంటరిగా నిలిచినప్పుడు ఫ్రూడ్ ప్రతిపక్షమును నిందింపలేదు. వారు కోరిన నిజమైన ఓడనే లాగించి చూపెను. నౌకాశాస్త్రమున అతని పేరు నిలుచుటకు అతడు కనుగొన్న నియమము ఎంత కారణమో, దానిని రుజువుచేసిన ఈ పద్ధతియు అంత కారణము.